ఆట ముగిశాక జనం ఏమన్నారు?

ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నది కందుకూరు ప్రాంతపు రంగస్థల కళాకారిణి. పద్యనాటకంలో బాలవేషంతో మొదలుపెట్టి వీధినాటకం, బుర్రకథ, అక్షరాస్యతా కళాజాత, ఎయిడ్స్ ప్రచారం, యానాది గిరిజన పిలకాయలతో నాటక శిబిరాల దాకా ఆమె చేయని పని లేదు. వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఆమె మాటల్లోనే సమాధానాలు.

అమ్మా, మీది నెల్లూరు జిల్లా అని ఒకచోట, ప్రకాశం జిల్లా అని మరోచోట చదివాను. ఇంతకీ మీదే జిల్లా? నాటకాల్లోకి ఎట్టా వచ్చారు?
— ఒక పాఠకుడు, సింగరాయకొండ

రెండూ నిజమే నాయనా. కందుకూరు తాలూకా 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022లో మళ్లీ మమ్మల్ని నెల్లూరులో కలిపారు. జిల్లా ఏదైనా మాకు పిల్లలు పిలకాయలే, పొలం కయ్యే.

మా నాయన హార్మోనిస్టు. పంటలు ఇంటికొచ్చాక, శ్రీరామనవమికి, తిరునాళ్లకు కాంట్రాక్టు నాటకాలు ఆడే రోజులవి. ఊరూరా ఎక్కువగా ఆడింది హరిశ్చంద్రే. లోహితాస్యుడి వేషానికి పిల్లాడు దొరక్కపోతే నాయన నాకు జుట్టు పైకి ముడేసి నిలబెట్టాడు. అందులో లోహితాస్యుడికి మాటలు కొన్నే. పాము కరిచాక మాత్రం చంద్రమతి ఒళ్లో కదలకుండా పడి ఉండాలి. పద్యం మీద పద్యం పడతాది, ఒన్స్‌మోర్లు కొడతారు, రాగం సాగుతానే ఉంటాది. కళ్లు మూసుకొని పడుకున్న నాకు స్టేజీ కనపడేది కాదు, జనం వినపడేవాళ్లు. ఎవరు ఎక్కడ ముక్కు చీదారో, ఎక్కడ పిల్లను సముదాయించడం మానేసి పద్యం విన్నారో, ఎక్కడ బీడీ వెలిగించుకున్నారో చెవులకు తెలిసేది. నటన తర్వాత నేర్చుకున్నాను. ముందు నేర్చింది వినడమే.

ఇంకోటి చెప్పాలి. కాటిసీనులో హరిశ్చంద్ర పాత్రధారులు గుర్రం జాషువా గారి శ్మశానవాటిక పద్యాలు పాడేవాళ్లు. ఆ పద్యాలకు ఊరంతా ఈలలు వేసేది. ఆయన తల్లి పుట్టిన కులం జనం మాత్రం మా ఊళ్లో పందిరి గుంజలకు అవతల, మన్నులో కూర్చోని వినేవాళ్లు. ఇది తప్పని ఆ వయసులో నాకు ఎవరూ చెప్పలేదు. అయినా కంట్లో నలుసు మాదిరి ఉండిపోయింది. పెద్దయ్యాక నేను చేసిన ప్రతి పనిలోనూ ఆ గుంజల లోపల ఎవరు, అవతల ఎవరు అనేదే చూసుకున్నాను.

నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమానికి కళాజాతలే కారణమని మా లెక్చరర్ చెప్పారు. మీరు అందులో పాల్గొన్నారట. మీ అనుభవం వివరంగా రాయండి.
— డిగ్రీ విద్యార్థిని, వింజమూరు

మీ లెక్చరర్ గారి అభిమానానికి దండం పెడతాను తల్లీ, ఆ మాట మాత్రం ఒప్పుకోను. ఉద్యమం తెచ్చింది ఆడవాళ్లు. మేము వాళ్ల ఊళ్లకు పోయి డప్పు కొట్టాం, అంతే. అయితే ఆ డప్పుకూ దాని చోటు దానికుంది. అది చెబుతాను.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రి లాంతర్ల కింద పలకలు పట్టుకొని కూర్చునేవాళ్లు. వాళ్లను బడికి రప్పించడానికి ఊరూరా కళాజాతలు తిరిగాయి. ఒక జీపు, డోలక్కు, రెండు డప్పులు, గజ్జెలు, ఒకే రంగు చొక్కాలు. పొద్దు వాలేటప్పటికి ఒక ఊళ్లో దిగితే రాత్రికి ఇంకో ఊళ్లో ఉండేవాళ్లం.

అప్పట్లో సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో వచ్చేది. ‘వారుణి వాహిని’ అని ఆ పథకానికి ప్రభుత్వమే పేరు పెట్టింది. మంచినీళ్ల కోసం ఆమడ నడిచే ఊళ్లలో కూడా సారా గడప దాకా నడిచొచ్చేది. కలుపు కూలీ అయినా వేరుశనగ పీకిన కూలీ అయినా ఇంటికి చేరకముందే కొట్టు దగ్గర ఖర్చయ్యేది. మా దగ్గర ఒక చిన్న ఆట ఉండేది. మొగుడు తాగొస్తాడు, పెళ్లాం పుస్తె తాకట్టు పెడతాడు, బిడ్డకు జబ్బు చేస్తాది, చివరికి వాడికి బుద్ధొచ్చి ప్యాకెట్టు విసిరికొడతాడు. జనం చప్పట్లు కొడతారు. ఒక పాట పాడి జీపెక్కుతాం.

కలిగిరి వైపు ఒక ఊళ్లో ఆ ఆట అయ్యాక, చప్పట్లు సద్దుమణగకముందే ఒకామె పైకి లేచింది. నడుముకు కొంగు బిగించి ఉంది, చేతిలో పలక ఉంది. “మే, మీరు చూపించిందంతా నిజమేగానీ ఆ కడాకరుది అబద్ధం. వాడు మారడు. కొట్టు ఆడుండంగా ఎట్టా మారతాడు? కొట్టు లేకుండా చెయ్యండి, అప్పుడు మారతాడు” అనింది. ఆ మాటకు పడిన చప్పట్లు మా ఆటకు పడలేదు. పక్కనున్నామె అందుకుంది, తర్వాత ఇంకొకామె. మేము డప్పులు కింద పెట్టి కూర్చున్నాం. ఆ రాత్రి మా జీపు తర్వాతి ఊరికి పోలేదు.

తెల్లారి ఆటలో చివరి భాగం తీసేశాం. మొగుడు తూలుతా నిలబడి ఉండగా ఆట ఆపి, “ఇప్పుడేం చెయ్యాలమ్మా?” అని జనాన్ని అడిగేవాళ్లం. ఆ పైన నాటకం వాళ్లది.

ఇదే కాలంలో ఆ రాత్రిబడి వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. సారా మీద ఊరి ఆడవాళ్లను కూడగట్టిన ఒక స్త్రీ కథ అది. అది చదివిన దూబగుంట ఆడవాళ్లు, మన ఊళ్లో ఎందుకు చెయ్యలేం అనుకొని తమ ఊరి కొట్టు మూయించారు. ఆ ఊరి రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది ఆ తర్వాతే. చూడు తల్లీ, వాళ్లు చేసిన పని తర్వాతి వాచకంలో మళ్లీ పాఠమైంది. ఆ పాఠం చదివి ఇంకో ఊరు లేచింది. చీపుర్లు, కారప్పొడి చేతబట్టుకొని సారా బండ్లకు అడ్డం నిలబడ్డారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనియ్యలేదు, మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997లో దాన్ని సడలించారు. ఆ ఆడవాళ్లలో కొందరు ఈనాటికీ దాని గురించి మాట్లాడేటప్పుడు గొంతు పెంచుతారు, ఆ కోపం న్యాయమైనది.

ఒక పాఠం, ఒక ఆట, రోజూ రాత్రి నలుగురు కలిసి కూర్చునే చోటు. ఈ మూడూ ఒక్కసారి ఒక్క ఊళ్లో దొరికాయి. అందులో అన్నిటికంటే విలువైంది ఆ కూర్చునే చోటని నా నమ్మకం. బజార్లో నిలబడి మాట్లాడితే మాట పడే ఆడది, బడి పేరుతో పదిమందిలో మాట్లాడింది.

కారంచేడు ఘటన సమయంలో మీరు చీరాలలో ఉన్నారని విన్నాను. ఆ ఘటనపై నాటకం వేశారా?
— ఒక ఉపాధ్యాయుడు, పర్చూరు

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. అంతకు ముందురోజు మంచినీళ్ల చెరువు దగ్గర, నీళ్లు పాడుచెయ్యొద్దని అడిగినందుకు మొదలైన గొడవ అది. ప్రాణాలు దక్కినవాళ్లు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు. నేనప్పుడు చదువు పూర్తిచేసి ఉన్నాను. స్నేహితులతో కలిసి పోయాను.

నాటకం వెయ్యలేదు సార్. వెయ్యమని అడిగినవాళ్లు ఉన్నారు. బయటి నుంచి వచ్చేవాళ్లకు చూపిద్దామన్నారు. నాకు మనసొప్పలేదు. గాయం పచ్చిగా ఉన్న మనిషి ముందు ఆ గాయాన్నే వేషం కట్టి చూపించకూడదు. అక్కడ నీళ్లు మోశాం, పిలకాయల్ని కూర్చోబెట్టుకొని కథలు చెప్పాం, అర్జీలు రాసిపెట్టాం. సాయంత్రాలు వాళ్ల పెద్దామెలు పోయినవాళ్లను తలుచుకొని పాడేవాళ్లు. ఏడుపూ కాదు, పాటా కాదు, ఆ రెండింటి నడుమ ఉండే రాగం. మేము నోరు మెదపకుండా విన్నాం. చాలా ఏళ్ల తర్వాత, వాళ్ల అనుమతితో, ఆ రాగం ఒకటి మాత్రం ఇంకో నాటకంలో వాడుకున్నాను. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 అయింది. ఎదురుచూస్తా పోయినవాళ్లు ఎందరో.

మేడం, మా కాలేజీలో వీధినాటకం వెయ్యాలనుకుంటున్నాం. ఎవరికీ అనుభవం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఇంటర్ విద్యార్థులు, కావలి

మొదట కథ రాయొద్దు. మీ హాస్టల్లోనో, మీరు రోజూ ఎక్కే ఆటోస్టాండులోనో, కూరగాయల మార్కెట్లోనో రెండు సాయంత్రాలు కూర్చోండి. జనం దేని గురించి గొంతు పెంచుతున్నారో, దేని గురించి తగ్గిస్తున్నారో వినండి. తగ్గించిన దాంట్లో మీ నాటకం ఉంటాది.

కథ దొరికాక అరగంట మించనియ్యొద్దు. ఎండలో నిలబడినవాళ్లకు అంతకంటే ఎక్కువ ఓపిక ఉండదు, ఉండాలని అడిగే హక్కూ మనకు లేదు. గుండ్రంగా ఆడండి. నాలుగు దిక్కులా జనం ఉంటారు గనుక ఎవరో ఒకరికి మన వీపు తప్పదు, అందుకని మాట చెప్పేవాడు నడుస్తానే చెప్పాలి, లేదా మీలోనే ఒకరు అటువైపు నిలబడి ఆ మాటను అందుకోవాలి. మైకు వద్దు. మైకుంటే జనం దూరంగా నిలబడతారు, లేకపోతే దగ్గరికొస్తారు. గొంతు బొడ్డు దగ్గర నుంచి రావాలి. తెల్లారుజామున పెన్న ఒడ్డునో చెరువుకట్ట మీదో ఒకరికొకరు దూరంగా నిలబడి మామూలు మాటలు మాట్లాడుకోండి. అరవకుండా వినపడాలి, అదే సాధన.

డప్పు అవసరం. కొట్టబోయే ముందు గడ్డి మంట మీద చర్మం సెగ చూపించుకోవాలి, లేకపోతే మోగదు. లావు కర్ర చిర్ర ఒక చేత, సన్న కర్ర సిటికెన పుల్ల ఒక చేత. ఎట్టా పట్టాలో వీడియోలు చూసి నేర్చుకోవద్దు. మీ ఊళ్లోనే డప్పు కళాకారులు ఉంటారు, ఆయన ఇంటికి పోయి గురువుగా పెట్టుకోండి, దక్షిణ ఇయ్యండి. ఆయనను నాటకంలోకి పిలవండి. ఆయన చావుకు కొట్టే దెబ్బ వేరు, పెళ్లికి వేరు, దేవరకు వేరు. ఆ తేడా మీ నాటకంలోకి వస్తే మాటలు సగం తగ్గించుకోవచ్చు.

భాష సంగతి. టీవీ భాషలో రాయొద్దు. పాత్రకు తగ్గ భాష ఉండాలని వందేళ్ల కిందటే పట్టుబట్టి రాసిన వేదం వెంకటరాయశాస్త్రి గారు నెల్లూరులో నాటకాలు ఆడించిన మనిషి. చాకలి పాత్ర చాకలి లాగా, బ్రాహ్మడి పాత్ర బ్రాహ్మడి లాగా మాట్లాడాలని ఆయన రాస్తే అప్పట్లో పండితులు ఆక్షేపించారు. మీరు ఉదయగిరి అవ్వను పెట్టుకున్నారనుకోండి, ఆమె “ఎందుకు” అనదు, “ఎందుకనీ” అంటాది. ఆ “అనీ”లో ఎంత నిలదీయడం ఉందో పలికి చూడండి.

ఇక అన్నిటికంటే ముఖ్యం. ఆట అయిపోయిన వెంటనే సెల్ఫీలకు పోవద్దు. ఒక గంట ఆడనే ఉండండి. మంచినీళ్లు అడగండి. ఆట గురించి మీరు ఎత్తొద్దు, వాళ్లే ఎత్తుతారు. ఆ మాటలు రాసిపెట్టుకోండి, రెండో ప్రదర్శనకు అదే మీ పుస్తకం.

వీధినాటకానికి పోలీసుల అనుమతి కావాలా? బ్రిటిష్ కాలం చట్టం ఇంకా ఉందంటున్నారు.
— ఒక పాఠకుడు, ఒంగోలు

మీరు విన్నది 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం. తెల్లదొరలను ఎగతాళి చేసే నాటకాలను ఆపడానికి తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పుస్తకాల్లో ఉండిపోయింది, 2018లో రద్దయింది. అయితే రోడ్డు మీద జనాన్ని పోగుచేసే ఏ పనికైనా స్టేషన్లో ఒక కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకొని పెట్టుకోవడం మంచిది. మైకుకు వేరే అనుమతి ఉంటాది.

భయం గురించి కూడా మీ ఉత్తరంలో రాశారు. వీధినాటక కళాకారుడు సఫ్దర్ హష్మీ మీద 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో ఆట ఆడుతుండగా దాడి చేశారు. మర్నాడు చనిపోయారు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ గారు అదే చోట నిలబడి, ఆగిపోయిన ఆటను పూర్తిచేశారు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 12ను వీధినాటక దినంగా జరుపుకుంటాం. నేను అంత పెద్ద పరీక్షకు నిలబడాల్సి రాలేదు. ఒకసారి ఒక ఊళ్లో ఆట మధ్యలో కరెంటు తీయించారు. జనమే సెల్‌ఫోన్ లైట్లు పట్టారు, ఆట సాగింది.

అక్కా, ప్రభుత్వం డబ్బుతో, స్వచ్ఛంద సంస్థల డబ్బుతో ఆడే నాటకం నిజమైన నాటకమేనా? మీరూ ఆడారు కదా.
— ఒక కళాకారుడు, గూడూరు

ఆడాను తమ్ముడూ. కూలి తీసుకొనే ఆడాను. కళాకారుడికి కడుపు ఉండదనుకునేవాళ్లతో నాకు పడదు. డబ్బు ఎవరిదని నేను అడగను, ఆఖరి మాట ఎవరిదని అడుగుతాను.

ఎయిడ్స్ ప్రచారం చెబుతాను. 5వ నంబరు హైవే, ఇప్పుడు 16 అంటున్నారు, మన రెండు జిల్లాల మీదుగానే పోతాది. లారీలు ఆగే ధాబాల దగ్గర, టైర్ల షాపుల దగ్గర రాత్రిళ్లు ఆడేవాళ్లం. మొదట్లో మాకిచ్చిన స్క్రిప్టులో యముడు ఉండేవాడు, పుర్రె బొమ్మ ఉండేది. వస్తే చావే అని ముగింపు. మేము ఆడేముందు ఆ జబ్బుతో బతుకుతున్న ఆడవాళ్ల దగ్గర కూర్చొని ఆ స్క్రిప్టు చదివి వినిపించాం. ఒకామె, “మీరు యముణ్ణి చూపించి పోతారు, తెల్లారి మా పిల్లోణ్ణి బళ్లో పక్కన కూర్చోనియ్యరు” అనింది. యముణ్ణి తీసేశాం, పుర్రె తీసేశాం. ఆమె చెప్పిన బడి సీను పెట్టాం. డబ్బిచ్చినవాళ్లతో వాదన పడింది. మా మాటే నెగ్గింది. నెగ్గకపోతే ఆడేవాళ్లం కాదు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. ఇప్పుడు 2017 నాటి హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం అట్టా బడిలోంచి, కొలువులోంచి వెలివేయడాన్ని నేరుగా నిషేధించింది. మందులు సక్రమంగా వాడేవాళ్లు మామూలు జీవితం గడుపుతున్నారు. ఆనాటి యముణ్ణి ఇంకా ఎవరైనా ఆడిస్తుంటే దయచేసి ఆపండి.

మా కనిగిరి ప్రాంతపు ఫ్లోరైడ్ నీళ్ల మీద మీరు నాటకం వేశారని మా మామ చెప్పాడు. నేనప్పుడు చిన్నపిల్లవాణ్ణి. అది ఎట్టా ఉండేది?
— ఒక పాఠకుడు, కనిగిరి

మీ మామ గారు బహుశా అందులో ఆడి కూడా ఉంటారు. ఎందుకో చెబుతాను.

ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను మన దేశంలో వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. అప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి అంతా నెల్లూరే. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. ముందు పళ్లు గార పడతాయి, ఏళ్లు గడిచేకొద్దీ కీళ్లు బిగుసుకుపోతాయి, నడుము వంగిపోతాది. ఇదంతా ఆ ఊళ్లవాళ్లకు మనం చెప్పాలా? నాటకం వేసి నడుము వంగడం చూపిస్తే, నడుము వంగిన మనిషి ముందు అది ఎంత తప్పు!

అందుకని బ్రెజిల్ దేశపు ఆగస్టో బోల్ నేర్పిన పద్ధతి పట్టుకున్నాం. సమస్యను ఓడిపోయే దాకా ఆడతారు. ఆ తర్వాత అదే ఆట మళ్లీ మొదలవుతాది. చూసేవాళ్లలో ఎవరైనా “ఆపండి” అని లేచి, ఓడిపోయిన పాత్ర స్థానంలోకి వచ్చి తన ఉపాయం ఆడొచ్చు. మేము ఆఫీసరుగా, కాంట్రాక్టరుగా, సర్పంచిగా ఆడాం. ఊరివాళ్లు వాళ్ల వాళ్ల మనుషులుగానే వచ్చారు. ఒక పెద్దాయన కర్ర ఊతంతో నడుచుకుంటా నడిమికి వచ్చి, అర్జీ ఇవ్వకుండా ఆఫీసరు బల్ల మీద తన ఊరి బోరునీళ్లు గ్లాసు పెట్టాడు. “తాగండి సారూ, తర్వాత మాట్లాడుకుందాం.” ఆఫీసరు పాత్రలో ఉన్నది నేనే. నాకు జవాబు లేదు. రాసిన నాటకంలో నేను ఆ గ్లాసును ఊహించగలిగేదాన్ని కాదు. తర్వాత ఆ ఊరివాళ్లు నిజంగానే సీసాల్లో నీళ్లు పట్టుకొని ఆఫీసుకు పోయారు.

ఇంతమంచి గొంతు, ముఖం ఉండి సినిమాల్లోకి ఎందుకు పోలేదు?
— ఒక అభిమాని, నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట

పిలిచినవాళ్లు ఉన్నారు. కెమెరాకు జనం వినపడరు. నాకది కుదరదు.

అమ్మా, మీరు యానాది పిల్లలతో చేసిన పని గురించి విన్నాను. నేను ఒక గిరిజన కాలనీ బడిలో టీచర్ని. పిల్లలు బళ్లో నోరు విప్పరు. ఏం చెయ్యమంటారు?
— ఒక ఉపాధ్యాయిని, చిల్లకూరు

మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను తల్లీ. మీలాంటివాళ్లు ఆ బళ్లలో ఉండటం ఎంత అవసరమో నాకు తెలుసు.

బాతులు మేపడానికి కుదువబెట్టిన యానాది పిలకాయలతో మొదటిసారి పనిచేశాను. తల్లిదండ్రులు తీసుకున్న చిన్న అప్పుకు పిల్లోడు బాతుల వెంట ఊళ్లు దాటి, నెలల తరబడి కయ్యల్లో పడుకుంటాడు. 1976లోనే వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. విడిపించి తెచ్చిన పిల్లల్ని ప్రత్యేక బడిలో పెట్టారు. వాళ్లూ నోరు విప్పలేదు. పాట పాడమంటే తలొంచుకున్నారు, పేరు అడిగితే గోడ చూశారు.

నేను మాటలు మానేశాను. “మీరు బాతుల్ని ఎట్టా పిలుస్తారు?” అని మాత్రం అడిగాను. ఒకడు నోట్లోంచి ఒక చప్పుడు చేశాడు. ఇంకోడు అది కాదని సరిదిద్దాడు. పిల్ల బాతులకు వేరంట, చెదిరిపోయినవాటికి వేరంట, నక్క వాసన తగిలితే వేరంట. కాసేపటికి గది నిండా బాతులే. తర్వాత వాళ్లే ఒకణ్ణి యజమాని చేశారు. ఆ పిల్లోడు మొలకు తువాలు బిగించి, ఒక కాలు ముందుకు పెట్టి, పళ్ల సందు నుంచి ఉమ్మేసి నిలబడితే పెద్ద నటులు కూడా చూసి నేర్చుకోవాలి. యజమానిని అంత దగ్గరగా, అంత భయంతో చూసిన కళ్లు అవి. రెండోరోజు బాతులన్నీ కలిసి యజమానిని చెరువులోకి తోశాయి. అది మేము చెప్పింది కాదు. ఆ రోజు వాళ్లు నవ్విన నవ్వు చూసి వార్డెను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

అందుకని, మీ పిల్లలకు ఏమి రాదో దానితో మొదలుపెట్టొద్దు. ఎలుక బొక్క ఎక్కడుందో నేల చూసి చెప్పగలరు, ఏ ఆకు దేనికి మందో చెప్పగలరు, చేప కదిలితే నీళ్ల మీద ఏ గీత పడతాదో చెప్పగలరు. మిమ్మల్ని వాళ్లకు శిష్యురాలిని చేసుకోండి. పాఠంలోని మాటలు వాటంతట అవే తర్వాత వస్తాయి. వాళ్ల పెద్దల దగ్గర యానాది భాగోతం మాటలు, సింగి సింగడు పాటలు ఇంకా ఉంటాయి. ఒక ముసలాయనను బడికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. తాతకు టీచరు కుర్చీ వేసిందని పిల్లలు చూడాలి.

నేను డప్పు కళాకారుణ్ణి. వయసు 52. పింఛను వస్తాదా?
— ఒక పాఠకుడు, ఉదయగిరి

50 ఏళ్లు నిండిన డప్పు కళాకారులకు రాష్ట్రంలో పింఛను ఉంది అన్నా. 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు చేశారు. ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పట్టుకొని మీ గ్రామ సచివాలయంలో అడగండి. ఇంకేమేమి కాగితాలు కావాలో అక్కడే రాయించుకోండి. దీనికోసం ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. నాటకం చదువుతానంటోంది. బంధువులు నవ్వుతున్నారు. నాకూ భయంగానే ఉంది. మీరు ఒక తల్లిగా చెప్పండి.
— ఒక గృహిణి, నెల్లూరు

మీ భయం నాకు తెలుసు వదినా. మా నాయన నాటకాలకు ఆడవేషాలకు తెనాలి నుంచి పిలిపించే ఆమెను స్టేజీ మీద చంద్రమతమ్మా అని దండం పెట్టేవాళ్లు, తెల్లారి బస్టాండులో చెడ్డమాట అనేవాళ్లు. ఆ చెడ్డమాట భయమే ఇప్పటికీ మన ఇళ్లలో తిరగతా ఉంది. మీ అమ్మాయి కాలం అది కాదు. ఆడపిల్ల నాటకం చదువుకోవడానికి విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల ఉంది, మూడేళ్ల కోర్సు, డిగ్రీ పూర్తయి నాటకాల్లో అనుభవం ఉండాలి. పోటీ గట్టిగా ఉంటాది.

డబ్బు సంగతి దాచను. నాటకం ఒక్కటే నమ్ముకుంటే నెల నెలా ఇంత అని రాదు. నేను రేడియో నాటికలు చదివాను, టీచర్లకు శిక్షణ ఇచ్చాను, బడుల్లో పిల్లలకు నాటకం నేర్పాను, చేతికి పని లేని నెలల్లో మిషను కుట్టాను. అమ్మాయికి ఇంకో పని కూడా చేతిలో ఉండాలి. బోధన అయితే నాటకానికి దగ్గరగా ఉంటాది.

బంధువుల సంగతికి వస్తే, వాళ్లను ఒకసారి అమ్మాయి నాటకానికి పిలవండి. టౌన్‌హాల్లో ఏదో ఒక సాయంత్రం ఉంటానే ఉంటాది. ముందు వరసలో కూర్చోబెట్టండి. మీరు మాత్రం వాళ్ల పక్కన కాకుండా వెనకాల కూర్చొని వాళ్లు ఏమంటారో వినండి.

ఇప్పుడేం చేస్తున్నారు? మా ఊరికి వచ్చి ఆడతారా? ఎంత తీసుకుంటారు?
— యువజన సంఘం సభ్యులు, కొండపి

పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఆకు గ్రేడింగు చేసే ఆడకూలీల మీద ఒక ఆట తయారు చేస్తున్నాం. కందుకూరు, కొండపి, టంగుటూరు వైపు వాళ్లకు ఈ పని గురించి నేను చెప్పేదేముంది. వేలం దగ్గర ఆకు ధర గురించి పేపర్లలో రోజూ వస్తాది. ఆ ఆకును ముట్టుకొని, వాసన పీల్చి, రంగు చూసి వేరు చేసే చేతి గురించి రాదు. పని మధ్యలో వాళ్లు చెప్పుకునే మాటలతోనే ఆట కడుతున్నాం. ఎవరి మాట వాడామో వాళ్ల ముందు ముందుగా ఆడి చూపించి, సరేనంటేనే బయట ఆడతాం.

మీ ఊరికి వస్తాం. ఆరుగురం. దారి ఖర్చులు, ఒక పూట భోజనం, మీరు ఇవ్వగలిగినంత కూలి. వేలాలు ముగిసి జనానికి కాస్త తీరిక దొరికినప్పుడు పెట్టుకోండి. వంట పనులు అయ్యాకే మొదలుపెడదాం, లేకపోతే ఆడవాళ్లు రాలేరు. స్టేజీ వద్దు. మా భోజనం మాత్రం దళితులుండే అరుంధతివాడలో ఏర్పాటు చెయ్యండి, ఆట స్థలం ఆ వాడకూ ఊరికీ నడుమ, ఇద్దరూ వచ్చి కలిసి కూర్చునే చోట చూడండి. గుడి ముందయితే రాము, ఎవరి ఇంటి వాకిలయినా రాము. స్థలం ఎక్కడో ముందే గీసి పత్రిక చిరునామాకు పంపండి. చుట్టూ ఎవరెవరి ఇళ్లున్నాయో కూడా ఆ కాగితంలో రాయండి.